యార్డ్ వేస్ట్ సైట్ నుంచి ఫ్రీగా కట్టెలు తెచ్చుకోవడం: మిషిగన్ లో ఉండే మనవాళ్ళ కోసం

డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, కాంటన్, ట్రాయ్ వైపు మనవాళ్ళ ఇళ్ళు చాలావాటికి ఫైర్‌ప్లేస్ ఉంటుంది, అది లేకపోతే బ్యాక్‌యార్డ్ లో ఫైర్ పిట్ అయినా పెట్టుకుని ఉంటారు, కానీ కట్టెలు మాత్రం గ్యాస్ స్టేషన్ ముందు ప్లాస్టిక్ చుట్టి పెట్టిన మోపులే కొంటారు. ఆ మోపు మామూలుగా ముప్పావు క్యూబిక్ ఫుట్ ఉంటుంది. ఇక్కడ కట్టెల లెక్క కార్డ్ లో చెప్తారు, కార్డ్ అంటే 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, 8 అడుగుల పొడవు పేర్చిన కట్టె, మొత్తం 128 క్యూబిక్ ఫీట్. అంటే ఒక కార్డ్ కి 170 మోపులు, మోపు ఏడు డాలర్లు అనుకున్నా 1200 డాలర్ల దాకా తేలుతుంది. అదే టైమ్ లో మీ సిటీ వాళ్ళ యార్డ్ వేస్ట్ సైట్ లో ఓక్, మేపుల్, యాష్ దుంగలు గుట్టలుగా పడి ఉంటాయి, అవన్నీ కొన్నాళ్ళకి గ్రైండర్ లోకి పోయి చిప్స్ అయిపోతాయి. నాకైతే అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది, మంచి కట్టె విలువ తెలిసిన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం కదా మనం.

అసలు ఆ కట్టె అక్కడికి ఎందుకొస్తుందంటే, మిషిగన్ లో గడ్డి, ఆకులు, కొమ్మలు లాంటి యార్డ్ వేస్ట్ ని మామూలు చెత్తతో కలిపి ల్యాండ్‌ఫిల్ లో వెయ్యకూడదని 1995 నుంచి రూల్ ఉంది. ఇల్లినాయ్, విస్కాన్సిన్ లాంటి పక్క రాష్ట్రాల్లో కూడా ఇలాంటి చట్టాలే ఉన్నాయి. అందుకని సిటీలు, టౌన్‌షిప్ లు కంపోస్ట్ సైట్లు పెట్టుకున్నాయి, ఊళ్ళోవాళ్ళు ఆకులు, కొమ్మలు తెచ్చి పడేస్తారు, కొన్నిచోట్ల చెట్లు కొట్టే ట్రీ సర్వీస్ వాళ్ళు కూడా డబ్బు కట్టి దింపి పోతారు. మీ ఊరి సైట్ ఎక్కడుందో సిటీ పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంట్ పేజీలో ఉంటుంది, లేకపోతే ఫోన్ చేసి అడగండి, మర్యాదగానే చెప్తారు.

ఫోన్ చేసినప్పుడు మూడు విషయాలు అడగండి. ఊళ్ళోవాళ్ళు కట్టె తీసుకెళ్ళొచ్చా, సైట్ లోపల చెయిన్‌సా వాడొచ్చా, చలికాలంలో తెరుస్తారా. మొదటిది ఖచ్చితంగా అడగాలి, ఎందుకంటే కొన్ని ఊళ్ళు కంపోస్ట్, వుడ్ చిప్స్ మాత్రమే తీసుకోనిస్తాయి, గుట్ట ఎక్కి దుంగలు లాగితే ఎవరికైనా దెబ్బ తగులుతుందని భయపడి కట్టె ముట్టుకోనివ్వవు. వద్దన్నారంటే వద్దు అంతే, అటెండెంట్ చూడనప్పుడు తెచ్చేసుకుందాం అనే ఆలోచనే వద్దు, అది ఊరి ఆస్తి, పైగా ఒకరు అలా చేస్తే మిగతా అందరికీ గేటు మూసేస్తారు. చాలాచోట్ల ఆ ఊళ్ళో ఉంటున్నట్టు చూపించాలి, డ్రైవర్ లైసెన్స్ మీద అడ్రస్ చాలు, మీరు అద్దెకున్నా పర్లేదు. చెయిన్‌సా మాత్రం ఎక్కువ సైట్లలో కుదరదంటారు, అందుకే అక్కడ ఎత్తగలిగిన సైజులో ముందే కోసి ఉన్న ముక్కల కోసమే చూసుకోవాలి.

సైట్ లో పనిచేసే అటెండెంట్ తో మాత్రం రెండు మాటలు మాట్లాడండి. ఏ రోజు ట్రీ సర్వీస్ లారీలు వస్తాయి, గ్రైండర్ ఎప్పుడు పెడతారు, దుంగలు విడిగా ఏ మూల వేస్తారు, ఇవన్నీ ఆయనకే తెలుస్తాయి. గ్రైండింగ్ కి ముందు వారం వెళ్తే గుట్ట నిండుగా ఉంటుంది, తర్వాత వెళ్తే పొట్టు తప్ప ఏమీ ఉండదు. ఏడాదిలో మంచి టైమ్ అంటే మంచు కరిగాక ఏప్రిల్, మే నెలలు, ఆ తర్వాత గాలివానలు వచ్చిపోయిన రోజులు. 2023 ఫిబ్రవరి ఐస్ స్టార్మ్ గుర్తుందిగా, లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది, అప్పుడు విరిగిన కొమ్మలు, చెట్లు ఊరూరా గుట్టలు పడ్డాయి. అలాంటప్పుడు సైట్ దాకా కూడా వెళ్ళక్కర్లేదు, మీ వీధిలోనే కరెంటు లైన్ల పక్క చెట్లు కొట్టి దుంగలు అక్కడే వదిలేసి పోతుంటారు. కానీ అది ఆ ఇంటివాళ్ళ కట్టె, తలుపు కొట్టి అడిగి తీసుకోవాలి, చాలామంది తీసుకుపోండి మహాప్రభో అనే అంటారు.

ఇప్పుడు అసలు సంగతి, గుట్ట దగ్గర ఏం ఏరుకోవాలి. ఫ్రీ కదా అని కనపడింది కనపడినట్టు వేసుకొస్తే ఇంట్లో చీల్చి, పేర్చి, ఏడాది ఆరబెట్టాక కూడా వేడి ఇవ్వని కట్టె మిగులుతుంది, అంత కష్టం ఏ కట్టెకైనా ఒకటే కాబట్టి మంచిదానికే పడాలి. మన దగ్గర తుమ్మ కట్టెకీ మునగ కట్టెకీ ఎంత తేడానో ఇక్కడ ఓక్ కీ కాటన్‌వుడ్ కీ అంత తేడా. బాగా ఆరిన వైట్ ఓక్ ఒక కార్డ్ ఇచ్చే వేడిలో కాటన్‌వుడ్ సగం కంటే కొంచెం ఎక్కువ ఇస్తుంది అంతే.

మొదట చూడాల్సింది యాష్. 2002 లో ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చ పురుగు ఈ దేశంలో మొదటిసారి దొరికింది మన డెట్రాయిట్ పక్కనే, తర్వాత కోట్లకొద్దీ యాష్ చెట్లు చచ్చిపోయాయి. ఇంకా అక్కడక్కడా ఎండిపోయిన చెట్లు కొట్టి తెస్తూనే ఉంటారు. ముదురు చెట్టు బెరడు మీద గళ్ళు గళ్ళుగా డైమండ్ ఆకారం కనిపిస్తుంది, బెరడు ఊడొస్తే కింద వంకర టింకర పురుగు దారులు ఉంటాయి. పురుగు తిన్న కట్టె అని వదిలెయ్యొద్దు, ఆ పురుగు తినేది బెరడు కింద పొర, లోపల చెక్క గట్టిగానే ఉంటుంది. యాష్ కి ఇంకో గొప్ప గుణం ఏంటంటే పచ్చిగా ఉన్నప్పుడే నీరు తక్కువ, పైగా తిన్నగా చీలుతుంది, వసంతంలో చీల్చి పేరిస్తే చాలావరకు ఆ చలికాలానికే అందుకుంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి దీన్ని మించింది లేదు.

ఓక్ చాలా మంచి కట్టె కానీ ఓపిక కావాలి, చీల్చాక కూడా ఏడాదిన్నర, రెండేళ్ళు ఆరాలి. రెడ్ ఓక్ తాజాగా కోసింది ముక్కు దగ్గర పెట్టుకుంటే ఒక పులుపు ఘాటు వాసన కొడుతుంది, ఒకసారి వాసన చూస్తే ఇంక మర్చిపోరు. కోసిన ముఖం మీద నడిమధ్య నుంచి బెరడు దాకా చారలు కిరణాల్లా కనిపిస్తాయి. బ్లాక్ లోకస్ట్ దొరికితే అసలు వదలొద్దు, లోతైన గాడులున్న బెరడు, లోపల పసుపు పచ్చ చెక్క, లేత కొమ్మలకి ముళ్ళు, బాగా బరువు, ఎంతో సేపు కాలుతుంది. మల్బరీ, ఆపిల్, చెర్రీ, షుగర్ మేపుల్, ఇవన్నీ మంచివే. ఊళ్ళల్లో రోడ్ల పక్కన తెల్లపూల కోసం పెంచే క్యాలరీ పేర్ చెట్లు గాలికి నడిమికి చీలిపోతుంటాయి, అవి సైట్ లో తరచూ కనిపిస్తాయి, ఎవరూ పట్టించుకోరు గానీ కట్టె గట్టిది, తీసుకోండి.

సిల్వర్ మేపుల్, బాక్సెల్డర్ మధ్యరకం, త్వరగా ఆరతాయి, త్వరగా కాలిపోతాయి, ఫైర్ పిట్ కి చాలు. ఎల్మ్ మాత్రం చూసి తీసుకోండి, కాలడానికి పర్వాలేదు కానీ పీచు పీచుగా అల్లుకుపోయి గొడ్డలికి లొంగదు, కట్టెలు చీల్చే మెషిన్, అంటే హైడ్రాలిక్ స్ప్లిటర్ ఉన్నవాళ్ళకే అది. విల్లో, కాటన్‌వుడ్ వదిలెయ్యండి, బరువేమో రాయంత, అందులో ఎక్కువ నీళ్ళే. పైన్, స్ప్రూస్ బాగా ఆరితే నిప్పు రాజెయ్యడానికి బాగుంటాయి, టపటపా నిప్పురవ్వలు ఎగురుతాయి కాబట్టి తెరిచి ఉన్న ఫైర్‌ప్లేస్ లో జాగ్రత్త.

ఇంక ముట్టుకోకూడనివి. దుంగ మీద వెంట్రుకలున్న తాడులాంటి తీగ అంటుకుని ఉంటే అది పాయిజన్ ఐవీ, ఆకులు లేకపోయినా, తీగ ఎండిపోయినా దాని నూనె అలాగే ఉంటుంది. ఇది మన జీడిమామిడి, నల్లజీడి కుటుంబంలోదే, నల్లజీడి రసం అంటితే ఒళ్ళు ఎలా పొక్కుతుందో ఇదీ అంతే. అన్నిటికంటే ప్రమాదం దాన్ని కాల్చడం, ఆ పొగ పీలిస్తే ఊపిరితిత్తుల్లోపల పొక్కుతుంది, హాస్పిటల్ పాలవుతారు. కాబట్టి తీగ ఉన్న దుంగ ఎంత మంచి ఓక్ అయినా అక్కడే వదిలెయ్యండి, పీకి తెచ్చుకుందాం అనుకోవద్దు. రంగేసిన చెక్క, ఆకుపచ్చ ఛాయలో ఉండే డెక్ చెక్క, రైల్వే స్లీపర్లు, ప్లైవుడ్, ఇవీ కాల్చకూడదు. 2003 చివరిదాకా ఇళ్ళకి వాడిన ట్రీటెడ్ చెక్కల్లో, అంటే పుచ్చకుండా మందు పట్టించిన చెక్కల్లో, ఆర్సెనిక్ అనే విషం ఉండేది, కాల్చితే పొగలోకీ బూడిదలోకీ అదే వస్తుంది. టెక్సాస్, కాలిఫోర్నియా వైపు ఉన్నవాళ్ళు గన్నేరు కొమ్మల్ని కూడా పక్కన పెట్టాలి, గన్నేరు విషమని మనకెవరూ చెప్పక్కర్లేదు, ఇక్కడ దాన్ని ఓలియాండర్ అంటారు.

మెత్తబడిపోయిన కట్టె కూడా వద్దు. గోరు గుచ్చితే దిగిపోతున్నా, పుట్టగొడుగులు మొలిచినా అది మట్టికే పనికొస్తుంది. బర్చ్ బెరడు తెల్లగా అందంగా ఉంటుంది గానీ ఆ బెరడు నీటిని బయటికి పోనివ్వదు, గుండ్రంగా వదిలేస్తే లోపలే కుళ్ళుతుంది, తెస్తే వెంటనే చీల్చాలి.

ఇక తేవడం. మనలో చాలామందికి ఉండేది సియెన్నా, ఒడిస్సీ, లేదంటే ఒక ఎస్‌యూవీ. అవి చాలు, కానీ బరువు చూసుకోవాలి. పచ్చి రెడ్ ఓక్ క్యూబిక్ ఫుట్ కి 60 పౌండ్ల పైన తూగుతుంది, 16 అంగుళాల అడ్డం, 16 అంగుళాల పొడవు ఉన్న ఒక్క మొద్దు దగ్గర దగ్గర 115 పౌండ్లు, అంటే 50 కిలోల పైమాటే. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క ఫ్రేమ్ మీద స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదో దాని మీద రాసుంటుంది, అది చదివి మనుషుల బరువు తీసేసి మిగిలినదాంట్లోనే వెయ్యండి. సీట్లు మడిచి టార్పాలిన్ పరవండి, బరువైన మొద్దులు ముందు సీట్ల వెనక ఆనించి కింద పెట్టండి, కిటికీ ఎత్తుకి పేర్చొద్దు, సడెన్ బ్రేక్ వేస్తే అవి తలల మీదికి వస్తాయి. తోలు గ్లవ్స్, ముందు బొటనవేలికి స్టీల్ ఉన్న బూట్లు వేసుకోండి. గుట్ట కింద నుంచి దుంగ లాగొద్దు, పైనవి జారి కాలి మీద పడతాయి. పెద్ద మొద్దుని ఎత్తడం కంటే చిన్న మాల్ (కట్టెలు చీల్చే లావు గొడ్డలి), వెడ్జ్ (చీలికలో దిగ్గొట్టే ఇనప ముక్క) పట్టుకెళ్ళి సైట్ వాళ్ళు ఒప్పుకుంటే అక్కడే రెండుగా చీల్చడం నడుముకి మేలు.

ఎంత దూరం తేవొచ్చన్నది అందరూ మర్చిపోయే విషయం. కట్టెతో పాటు పురుగులూ ప్రయాణం చేస్తాయి, యాష్ బోరర్ రాష్ట్రాలు దాటి పాకిందే ఎక్కువగా ఇలా కార్లల్లో తీసుకెళ్ళిన కట్టెలతో. పది మైళ్ళ లోపు అయితే ఉత్తమం, 50 మైళ్ళు దాటకూడదని ఇక్కడ అందరూ చెప్పే మాట. న్యూయార్క్ లో అయితే ట్రీట్ చెయ్యని, అంటే పురుగులు చచ్చేలా వేడి చెయ్యని కట్టె 50 మైళ్ళు దాటించడం చట్టం ప్రకారమే తప్పు. ఊరి సైట్ కట్టె ఊళ్ళోనే కాలుతుంది కాబట్టి ఈ పద్ధతే నాకు అన్నిటికంటే నచ్చుతుంది. ఉత్తరాన స్టేట్ ఫారెస్టుల్లో పడిపోయిన కట్టె ఏరుకోవడానికి రాష్ట్ర అడవుల శాఖ డీఎన్‌ఆర్ వాళ్ళు పర్మిట్ ఇస్తారు కానీ అక్కడి నుంచి డెట్రాయిట్ దాకా తేవడం మంచి పని కాదు. అలాగే మీ ఇంటి కట్టె క్యాంపింగ్ కి పట్టుకెళ్ళొద్దు, అక్కడే కొనుక్కోండి, లేదా హీట్ ట్రీట్ చేసినట్టు ముద్ర ఉన్న మోపు తీసుకోండి. 2022 లో డెట్రాయిట్ దగ్గర పాంటియాక్ లో చెట్ల రసం పీల్చే స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లై అనే పురుగు బయటపడింది, దాని గుడ్లు బెరడు మీద బూడిద రంగు బురద పూసినట్టు ఉంటాయి, చలికాలమంతా అలాగే ఉంటాయి, కనిపిస్తే గీకి సబ్బునీళ్ళలో లేదా శానిటైజర్ లో వెయ్యండి. ఓక్ విల్ట్ అనే తెగులు కూడా ఉంది, రోగం వచ్చి చచ్చిన రెడ్ ఓక్ కట్టె బెరడుతో తెచ్చి పెట్టుకుంటే మరుసటి వసంతంలో పక్కన మంచి ఓక్ చెట్లకి అంటుకోవచ్చు, మీ వీధిలో ఓక్ లు ఉంటే అలాంటి అనుమానం ఉన్న దుంగ ముట్టుకోకండి.

ఇంటికి తెచ్చాక ఆలస్యం చెయ్యకుండా చీల్చండి, గుండ్రంగా ఉన్న మొద్దు లోపల ఆరడానికి చాలా కాలం పడుతుంది, బెరడు నీటిని ఆపుతుంది, చీలిస్తే త్వరగా పోతుంది. ముందు మీ ఫైర్‌ప్లేస్ లేదా స్టవ్ లోపల పొడవు కొలుచుకోండి, దానికంటే మూడు అంగుళాలు తక్కువగా కొయ్యాలి, చాలామందికి 16 అంగుళాలు సరిపోతుంది. చీల్చడానికి 6 నుంచి 8 పౌండ్ల మాల్ చాలు, పదునైన సన్న గొడ్డలి దిగిపోయి ఇరుక్కుంటుంది, మాల్ లావుగా ఉండి చెక్కని విడగొడుతుంది. నేల మీద పెట్టి కొట్టొద్దు, వెడల్పాటి మొద్దు మీద నిలబెట్టి కాళ్ళు ఎడంగా పెట్టి కొట్టండి, పెద్దదాన్ని నడిమికి కొట్టకుండా అంచుల నుంచి పేళ్ళు పేళ్ళుగా తీసుకుంటూ రండి, పగుళ్ళు ఎటు ఉంటే అటే కొట్టండి. సేఫ్టీ కళ్ళద్దాలు తప్పనిసరి. చెయిన్‌సా కొంటే బ్యాటరీది మొదటివాళ్ళకి బాగుంటుంది, కానీ చాప్స్ (రంపం తగిలినా కాళ్ళు తెగకుండా ప్యాంటు మీద కట్టుకునేవి), హెల్మెట్, చెవులకి మఫ్స్ కూడా అప్పుడే కొనండి, బార్ కొన పైభాగం దేనికైనా తగిలితే రంపం మొహం మీదికి ఎగురుతుంది, ఒంటరిగా ఉన్నప్పుడు వాడకండి.

పేర్చేటప్పుడు నేలకి తగలకుండా ప్యాలెట్ల మీద, ఎండా గాలీ తగిలేచోట, వీలైతే ఒకే వరసగా పేర్చండి. పైన మాత్రమే కప్పండి, పక్కలు తెరిచి ఉంచండి, వర్షమని టార్పాలిన్ తో మొత్తం చుట్టేస్తే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. ఇంటి గోడకి ఆనించొద్దు, చీమలూ చెదలూ గోడలోకి దారి పట్టేస్తాయి, ఇరవై ముప్పై అడుగులు దూరంగా పెట్టండి. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం) ఉన్నవాళ్ళు ఎంత పేర్చొచ్చో, ఎక్కడ పేర్చొచ్చో ముందే చూసుకోండి.

ఆరిందో లేదో అంచనాతో చెప్పొద్దు, కట్టెలో తేమ ఎంతుందో చూపే మాయిశ్చర్ మీటర్ ఇరవై ముప్పై డాలర్లకి దొరుకుతుంది. కట్టె బయటి ముఖం మీద గుచ్చితే మామూలుగా తక్కువే చూపిస్తుంది, ఒక కట్టె తీసి అప్పటికప్పుడు చీల్చి ఆ కొత్త ముఖం మధ్యలో గుచ్చండి, 20 శాతం లోపు ఉంటే కాల్చొచ్చు. ఇంతకు మించి ఉన్న కట్టె కాలితే వేడంతా నీరు ఆవిరి చెయ్యడానికే పోతుంది, పొగ ఎక్కువై పొగగొట్టం లోపల క్రియోసోట్ అనే జిగురు మసి పేరుకుంటుంది, అదే ఒకరోజు అంటుకుని చిమ్నీ ఫైర్ అవుతుంది. అందుకే ఈ ఏడు తెచ్చింది వచ్చే ఏడుకి, ఓక్ అయితే ఆపై ఏడుకి అని లెక్క పెట్టుకుని, ఏ వరస ఎప్పుడు పేర్చారో సుద్దతో కట్టె మీద రాసి పెట్టండి. చిమ్నీ ప్రతి ఏడాదీ ఒకసారి చూపించాలి, కొత్తగా ఇల్లు కొన్నవాళ్ళు చూపించకుండా ఒక్క కట్టె కూడా వెయ్యకండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తుందో లేదో టెస్ట్ బటన్ నొక్కి చూడండి.

భోగికి బ్యాక్‌యార్డ్ లో మంట వేసుకునేవాళ్ళు, కట్టెల పొయ్యి మీద బిర్యానీ వండుకునేవాళ్ళు ఇదే కట్టె వాడుకోవచ్చు, వంటకి మాత్రం ఓక్, ఆపిల్, చెర్రీ, మేపుల్ తీసుకోండి, పైన్ వద్దు, ఆ జిగురు మసి గిన్నెకి పట్టి వాసన కూరలోకి వస్తుంది. భోగి మంటలో పాత ఫర్నిచర్ వెయ్యడం మనకి అలవాటే కానీ ఇక్కడి ఫర్నిచర్ ఎక్కువ జిగురు పెట్టి నొక్కిన చెక్క, పైన ప్లాస్టిక్ పొర, అది కాల్చొద్దు. ఓపెన్ ఫైర్ రూల్స్ ఊరూరికీ వేరు, ఫైర్ డిపార్ట్‌మెంట్ కి ఫోన్ చేస్తే ఇంటికి ఎంత దూరంలో, ఎంత సైజు మంట వెయ్యొచ్చో చెప్తారు.

బూడిద సంగతి చెప్పి ఆపుతాను. పైకి చల్లారినట్టు కనిపించినా లోపల నిప్పులు మూడు నాలుగు రోజులు కూడా బతికే ఉంటాయి, పేపర్ బ్యాగ్ లోనో ప్లాస్టిక్ డబ్బాలోనో ఎత్తి గరాజ్ లో పెట్టడం వల్ల ఇళ్ళు కాలిపోయాయి. మూతున్న ఇనప డబ్బాలోకి ఎత్తి, నీళ్ళు చల్లి, డెక్ మీద కాకుండా కాంక్రీట్ మీద ఇంటికి దూరంగా పెట్టండి. పూర్తిగా చల్లారాక వంకాయ, టమాటా, గోంగూర వేసే మడిలో పల్చగా చల్లుకోవచ్చు, అది కూడా సాయిల్ టెస్ట్ లో మట్టి పులుపుగా ఉందని వస్తేనే, ఎందుకంటే బూడిద మట్టి పులుపుని విరిచేస్తుంది, బ్లూబెర్రీ మొక్కల మొదట్లో మాత్రం అసలు వెయ్యకండి.